యుద్ధం నుంచి ఇంటికి చేరిన తుపాకులు: అపోహలు - వాస్తవాలు

రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన అమెరికా సైనికులు శత్రువుల పిస్తోళ్లను, రైఫిళ్లను గుర్తుగా వెంట తెచ్చుకున్నారు. వీటిని సేకరించే మేము బ్రింగ్‌బ్యాక్‌లు అంటాము. ఇక్కడ తుపాకీకి ఎంత విలువ ఉందో దాన్ని తెచ్చిన మనిషి చరిత్రకూ అంతే విలువ ఉంది. అపోహలు ఎక్కువగా పుట్టేది కూడా ఆ చరిత్ర దగ్గరే.

అపోహ: ప్రతి లూగర్ పిస్తోలూ ఎవరో జర్మన్ అధికారిని ఓడించి లాక్కున్నదే.

వాస్తవం: జర్మన్ సైన్యం 1908లో స్వీకరించిన ఈ పిస్తోలును అధికారులే కాక సార్జెంట్లు, మెషిన్‌గన్ దళాల సిపాయిలు కూడా ధరించేవారు. 1945 మే నెలలో జర్మనీ లొంగిపోయినప్పుడు అప్పగించిన ఆయుధాల గుట్టల్లోంచి ఏరుకున్నవీ, సిగరెట్లు ఇచ్చి తోటి సైనికుడి దగ్గర తీసుకున్నవీ చాలా ఉన్నాయి. డేగ ముద్ర కనబడగానే అది ఎస్‌ఎస్ (నాజీ పార్టీ సాయుధ దళం) అధికారిదని తేల్చేస్తారు గాని, సాధారణంగా అది తనిఖీ పూర్తయిందని కర్మాగారంలో వేసిన ఆమోద ముద్ర మాత్రమే. తాత చెప్పకుండా మిగిల్చిన యుద్ధాన్ని మనవలు ఊహతో పూరించుకోవడం సహజమే. అందులో దురుద్దేశం ఉందని నేను అనుకోను.

అపోహ: జపాన్ అరిసాకా రైఫిల్ మీది చామంతి ముద్ర అరిగిపోయి ఉంటే అది పాడైన సరుకు.

వాస్తవం: పదహారు రేకుల ఆ చామంతి చక్రవర్తి చిహ్నం. లొంగుబాటు తరువాత అప్పగించిన రైఫిళ్లలో అధిక భాగంపై దాన్ని కావాలనే గీకివేశారు. ముద్ర చెక్కుచెదరకుండా ఉంటే యుద్ధభూమిలోనే చిక్కి ఉండవచ్చని భావిస్తాము. అయితే అది సూచనే తప్ప సాక్ష్యం కాదు.

అపోహ: సైనిక రికార్డు దొరకకపోతే కుటుంబం చెప్పేది కట్టుకథ.

వాస్తవం: సెయింట్ లూయిస్‌లోని జాతీయ సైనిక సిబ్బంది రికార్డుల కేంద్రంలో 1973 జూలై 12న జరిగిన అగ్నిప్రమాదంలో సుమారు 1.6 నుంచి 1.8 కోట్ల ఫైళ్లు కాలిపోయాయి. 1912 నుంచి 1960 మధ్య ఆర్మీ నుంచి విడుదలైన వారి ఫైళ్లలో దాదాపు 80 శాతం అలా పోయినవే. కాబట్టి ఫైలు లేకపోవడం అబద్ధానికి రుజువు కాదు. సైనికులు తమ విడుదల పత్రం నకలును సొంత కౌంటీ కార్యాలయంలో నమోదు చేయించుకున్న సందర్భాలు ఎన్నో ఉన్నాయి గనుక ముందు అక్కడ వెతకాలి. ఆ తరువాత వారి దళం రోజువారీ నివేదికలు చూడాలి. అన్నిటికంటే గట్టి ఆధారం, ఆ ఆయుధాన్ని ఇంటికి తీసుకువెళ్లవచ్చని పై అధికారి సంతకం చేసి ఇచ్చిన పత్రం. కాని అందులో ‘ఒక జర్మన్ పిస్తోలు’ అని మాత్రమే ఉండి సీరియల్ నంబరు లేకపోతే, ఆ కాగితాన్ని ఏ పిస్తోలుకైనా జతచేసి అమ్మవచ్చు. నంబరు సరిపోలని కథకు నేను అదనపు ధర చెల్లించను.

అపోహ: మెరుగుపెట్టి, విరిగిన చెక్క మార్పిస్తే విలువ పెరుగుతుంది.

వాస్తవం: తగ్గుతుంది. సంచిలో పట్టడానికి సైనికుడే రంపంతో కోసిన చెక్క కూడా ఆ రైఫిల్ చరిత్రలో భాగమే.

అపోహ: తాతగారు తెచ్చినది కనుక మెషిన్‌గన్‌ను కూడా ఇంట్లో ఉంచుకోవచ్చు.

వాస్తవం: 1934 నాటి చట్టం ప్రకారం దానికి నమోదు తప్పనిసరి. నమోదు కాని వాటికి 1968 నవంబరులో ఒక నెలపాటు క్షమాభిక్ష గడువు ఇచ్చారు. ఇప్పుడు వ్యక్తులకు ఆ అవకాశం లేదు. అటకపై అలాంటిది కనబడితే దాన్ని కారులో వేసుకుని తిరగకుండా, ముందు న్యాయవాదిని సంప్రదించాలి. నమోదైనదే అయితే, రాష్ట్ర చట్టం అనుమతించినచోట, వారసులు పన్ను లేకుండా తమ పేరిట బదిలీ చేయించుకోవచ్చు.

అమెరికాలోని తెలుగువారికి ఒక మాట: హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాపై ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు వర్తిస్తే తప్ప, తుపాకీని దగ్గర ఉంచుకోవడమే నేరం. మాజీ సైనికుల మాటలను రికార్డు చేయడానికి మాత్రం ఏ లైసెన్సూ అక్కర్లేదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2000లో మొదలుపెట్టిన వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్ట్, స్వచ్ఛందంగా ఎవరు చేసి పంపిన ఇంటర్వ్యూనైనా, కనీసం అరగంట నిడివి ఉంటే స్వీకరిస్తుంది.