హెచ్‌పీవీ పాజిటివ్ వస్తే గర్భసంచి తీసేయాల్సిందేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీయగల వైరస్) పాజిటివ్ అని రిపోర్టు పట్టుకుని ఓపీకి వచ్చే ఆడవాళ్లు ముందుగా అడిగేది "నాకు క్యాన్సరా డాక్టరమ్మా?" అని. వెంటనే "ఆపరేషన్ ఎప్పుడు చేస్తారు?" అంటారు. మొదటి భయం నాలుగు మాటలతో తగ్గుతుంది. ఆపరేషన్ ఆలోచన మాత్రం అంత తేలిగ్గా పోదు. అప్పటికే ఊళ్లో ఆర్‌ఎంపీ చెప్పి ఉంటాడు, తోడికోడలు చెప్పి ఉంటుంది, ఒక్కోసారి మా వృత్తిలోని వాళ్లే చెప్పి పంపిస్తారు: "పిల్లలు పుట్టేశారు, పిల్లల ఆపరేషనూ అయిపోయింది, ఇంక గర్భసంచితో పనేముంది? తీయించేసుకో, క్యాన్సర్ భయం ఉండదు."

ఈ మాట వినీ వినీ నాకు ఓపిక నశించింది. అందుకే దీని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

అపోహ: గర్భసంచి తీసేస్తే వైరస్ పీడ వదిలిపోతుంది.

వాస్తవం: హెచ్‌పీవీలో 200కు పైగా రకాలున్నాయి. వాటిలో క్యాన్సర్‌కు దారితీయగలవి దాదాపు 14. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి 16, 18 అనే రెండు రకాలే కారణం. దాంపత్య జీవితం మొదలైన ఆడవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది. పదిమందిలో తొమ్మిదిమందికి ఏ మందూ వాడకుండానే రెండేళ్లలోపు శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. ఏళ్ల తరబడి పోకుండా ఉండిపోయిన కొద్దిమందిలోనే ముఖద్వారం దగ్గర కణాలు మారడం మొదలవుతుంది. ఆ మార్పు క్యాన్సర్‌గా ముదరడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీ ఉండి మందులు వాడనివాళ్లలో 5 నుంచి 10 ఏళ్లలోనే రావచ్చు, అందుకే వాళ్ల విషయంలో తొందరపడతాం. మిగతావాళ్లకు పాజిటివ్ వచ్చిందంటే జాగ్రత్తగా చూసుకోవడానికి కావలసినంత సమయం ఉందన్నమాట.

మిర్చి కోతలకు వెళ్లే ఒకామె మొన్నామధ్య వచ్చింది. ముప్పై నాలుగేళ్లు. బట్టల షాపు కవర్లో స్కానింగ్ కాగితాలు, వాటి మధ్య నాలుగు మడతలు పెట్టిన హెచ్‌పీవీ రిపోర్టు. మెడలో పసుపుతాడే ఉంది, పుస్తెలతాడు తాకట్టులో ఉందట. ఆపరేషన్‌కు వేరేచోట అప్పటికే అడ్వాన్స్ కట్టేశారు. రిపోర్టు చూస్తే 16, 18 కాని రకం. కాల్పోస్కోపీ చేశాను. ముఖద్వారం మీద పలచటి ఎసిటిక్ యాసిడ్ అద్దిన దూది పెట్టి, నిమిషం ఆగి, లైటు వేసి పెద్దదిగా చేసి చూస్తాం. కణాలు మారిన చోటు ఉంటే తెల్లగా తేలుతుంది. ఆమెకు ఎక్కడా తెల్లమచ్చ లేదు, గులాబీ రంగు అలాగే ఉంది. "ఏడాదికి మళ్లీ రా, అంతే" అన్నాను. వాళ్లాయన నమ్మలేదు. "మందులైనా రాయండమ్మా" అని రెండు మూడుసార్లు అడిగాడు. ఈ వైరస్‌కు మందు లేదు, చాలామందికి అవసరమూ రాదు. మళ్లీ ఏడాది వచ్చినప్పుడు పరీక్ష నెగటివ్. ఆ అడ్వాన్స్ డబ్బులు మాత్రం తిరిగి రాలేదట.

ఆమె కనీసం మధ్యలో ఆగింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి, గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే దేశంలో పైన ఉంటున్నాయి, దేశ సగటుకు రెట్టింపు కంటే ఎక్కువ. వాళ్లలో నలభై కూడా నిండనివాళ్లు ఎందరో! గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే మర్నాటి నుంచే ముట్లుడిగిన దశ. ఒంట్లో సెగలు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరగడం. కూలి పనికి వెళ్లి ఒళ్లు వంచితేనే ఇల్లు గడిచే మనిషికి ఇది చిన్న నష్టమా?

దీనికంటే నన్ను బాధపెట్టేది ఇంకోటి ఉంది. ముట్లుడిగాక మళ్లీ రక్తం కనపడుతోందని వెళ్లిన ఒకామెకు ముఖద్వారం చూడకుండా, పాప్ స్మియర్ (కణాలు గీరి తీసి చూసే పరీక్ష) గానీ బయాప్సీ (చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) గానీ చేయకుండా గర్భసంచి తీసేశారు. తీసిన ముక్క ల్యాబ్‌కు వెళ్లాక తేలింది, అప్పటికే క్యాన్సర్ ఉందని. లోపలికి పాకిన క్యాన్సర్‌కు మామూలు గర్భసంచి ఆపరేషన్ చాలాసార్లు సరిపోదు. దశను బట్టి చుట్టూ ఉన్న కణజాలం, లింఫ్ గ్రంథులతో సహా తీసే పెద్ద ఆపరేషన్ కావాలి, లేదా రేడియేషన్, కీమో ఇవ్వాలి. సగం చేసిన ఆపరేషన్ తర్వాత ఆ వైద్యం మరింత కష్టమవుతుంది. ముందే ఒక్క పరీక్ష చేసి ఉంటే ఆమె నేరుగా సరైన చికిత్సకు వెళ్లేది.

మరో సంగతి. హెచ్‌పీవీ ముఖద్వారంలోనే ఉండదు, యోని గోడల్లో కూడా ఉంటుంది. అంతకుముందే క్యాన్సర్‌కు ముందస్తు దశ మార్పులు ఉన్నవాళ్లకు గర్భసంచి తీశాక కూడా పరీక్షలు చేస్తూనే ఉండాలి.

మరి నిజంగా తెల్లమచ్చ కనిపిస్తే? బయాప్సీ తీస్తాం. ముందస్తు మార్పు అని తేలితే థర్మల్ అబ్లేషన్‌తో ఆ భాగాన్ని వేడితో మాడ్చేస్తాం, కొన్ని నిమిషాల పని. కొంచెం లోతుగా ఉంటే లీప్ పద్ధతిలో కరెంటు తీగతో ఆ ముక్క వరకే తీస్తాం. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు. గర్భసంచి ఉన్నచోటే ఉంటుంది.

ఈ దారి పనిచేస్తుందనడానికి రుజువు మన పక్కనే ఉంది. మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లాలో లక్షా 30 వేలకు పైగా గ్రామీణ మహిళలతో జరిగిన అధ్యయన ఫలితాలు 2009లో వచ్చాయి. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, అవసరమైనవాళ్లకు చికిత్స ఇచ్చిన ఊళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. అందరి గర్భసంచులూ తీసి సాధించింది కాదది.

ఇక మిగతావి.

అపోహ: నాకే బాధా లేదు, పరీక్షెందుకు?

వాస్తవం: ముందస్తు దశలో ఏ బాధా ఉండదు, పరీక్ష పనికొచ్చేది అప్పుడే. కలయిక తర్వాత రక్తం, ముట్లుడిగాక రక్తం, దుర్వాసనతో తెల్లబట్ట కనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. 30 దాటిన ప్రతి స్త్రీ చేయించుకోవాలి. హెచ్‌పీవీ పరీక్ష నెగటివ్ వస్తే మళ్లీ అయిదేళ్ల దాకా నిశ్చింత. మన దేశంలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా ఈ క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్లు వందకు ఇద్దరు కూడా లేరు. ఏటా దాదాపు 80 వేలమంది దీనితో చనిపోతున్నారు.

అపోహ: తప్పు చేసినవాళ్లకే ఈ వైరస్ వస్తుంది.

వాస్తవం: ఈ మాట అనేవాళ్ల మీద నాకు కోపం వస్తుంది. వైరస్ ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదు. ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పదు. ఒకే భర్త, ఒకే భార్య ఉన్నా రావచ్చు. రిపోర్టు చూసి ఇంట్లో గొడవ పెట్టుకుని, మళ్లీ పరీక్షకు రాకుండా మానేసినవాళ్లున్నారు. అమ్మా, అత్తగారు ఏమన్నా సరే, మీరు రావడం మానొద్దు.

అపోహ: తెల్లబట్ట అవుతోందంటే క్యాన్సరే. "గర్భసంచికి పూత ఉంది" అన్నారు, అదీ క్యాన్సరే.

వాస్తవం: తెల్లబట్ట చాలావరకు మామూలు ఇన్ఫెక్షన్, మందులతో తగ్గుతుంది. పూత అని చెప్పేది చాలామందిలో సహజంగా ఉండే స్థితి. పరీక్ష చేయించుకోండి, టెన్షన్ పడొద్దు.

అపోహ: ఖమ్మంలో హెచ్‌పీవీ రాకుండా టీకా వేస్తే పిల్లలు చనిపోయారు కదా.

వాస్తవం: 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల అమ్మాయిలకు ఈ టీకా వేశారు, 2010లో కార్యక్రమం ఆపేశారు. విచారణ కమిటీ ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని చెప్పింది. తల్లిదండ్రుల అనుమతి తీసుకున్న తీరులో మాత్రం తప్పులున్నాయని తేల్చింది. హాస్టల్ పిల్లలకు వార్డెన్లు సంతకాలు పెట్టడం ముమ్మాటికీ తప్పే. ఆ కోపం న్యాయమైనది, దాన్ని టీకా మీదికి మళ్లించకండి. 2023 నుంచి మన దేశంలోనే తయారైన సెర్వావాక్ అనే హెచ్‌పీవీ టీకా దొరుకుతోంది. 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయిస్తే మేలు. టీకా వేయించుకున్నా 30 దాటాక పరీక్ష మానకూడదు.

అపోహ: కింద మరొకరు చూడటం సిగ్గు, అందుకే రాలేం.

వాస్తవం: హెచ్‌పీవీ పరీక్షకు నమూనా మీరే తీసుకోవచ్చు. నెలసరి లేని రోజు, మరుగుగా నిలబడి, ఇచ్చిన బ్రష్‌ను లోపల తిప్పి గొట్టంలో పెడితే చాలు. ఈ సౌకర్యం ఉందా అని మీ డాక్టర్‌ను అడగండి.

ఇప్పటికే గర్భసంచి తీయించుకున్నవాళ్లకు ఒక మాట. తీసిన ముక్కను బయాప్సీకి పంపారో లేదో, రిపోర్టులో ఏముందో ఆ ఆసుపత్రిలో అడిగి కాగితం తెచ్చుకోండి. దొరక్కపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఒకసారి చూసి, కుట్టు వేసిన చోట స్మియర్ తీస్తారు.