మినుము విత్తనం కొనే ముందు: అపోహలు - వాస్తవాలు

మినుము బ్రీడింగే, అంటే కొత్త రకాలు తయారుచేయడమే నా పని. వరి కోతలు దగ్గరపడితే చాలు శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట, పోలాకి వైపు రైతులు ఇవే అడుగుతుంటారు, అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నా.

అపోహ: పల్లాకు తెగులు తట్టుకునే రకం వేస్తే తెగులు రానే రాదు.

వాస్తవం: తట్టుకోవడం వేరు, అస్సలు రాకపోవడం వేరండీ. ఇది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్, అందులోనూ ఉత్తరాదిలో ఎక్కువగా ఉండేది ఒక జాతి, మన దక్షిణాదిలో ఇంకో జాతి, అందుకే అక్కడ పచ్చగా నిలబడ్డ రకం ఇక్కడ పసుపెక్కిపోవచ్చు. మేం పరీక్షించేటప్పుడు తెగులు తొందరగా అంటుకునే రకాన్ని మధ్యమధ్యలో సాళ్లుగా వేసి, మందు కొట్టకుండా వదిలేసి, అప్పుడు కూడా నిలబడ్డ మొక్కల్నే ఏరుకుంటాం. అయినా కిలో విత్తనానికి 5 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ పట్టించండి, పసుపు మొక్క కనపడగానే పీకేయండి.

అపోహ: ఏటా హైబ్రిడ్ విత్తనం కొనాలి.

వాస్తవం: మినుములో రైతులు వేసే హైబ్రిడ్లే లేవు! పువ్వు విచ్చుకునేలోపే లోపల పుప్పొడి అంటేసుకుంటుంది. మేం సంకరం చెయ్యాలంటే సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసేసి, తెల్లారి వేరే రకం పుప్పొడి అద్దాలి, ఎంత జాగ్రత్తగా చేసినా చాలా మొగ్గలు రాలిపోతాయి, ఆ కొద్ది కాయలు చేతికొస్తే పండగే. కంది సంగతి వేరు, దాని పువ్వుల మీద తేనెటీగలు తిరుగుతాయి కాబట్టి పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఐసీపీహెచ్ 2671 లాంటి హైబ్రిడ్ తేగలిగింది. మినుముకైతే కల్తీ లేని, తెగులు లేని చేలోంచి గింజ దాచుకుని రెండు మూడేళ్లు వాడుకోవచ్చు.

అపోహ: గామా కిరణాలతో తెచ్చిన రకాలు తింటే ప్రమాదం.

వాస్తవం: కొత్త లక్షణాల కోసం విత్తనానికి ఈ కిరణాలు తగిలిస్తారు, కానీ మీరు తినే గింజలో కిరణాలేం మిగలవు, జన్యువుల్లో మార్పు మాత్రమే తర్వాతి తరాలకి వెళ్తుంది. ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రం బార్క్ ఇచ్చిన టీఏయూ-1 మినుము అలా మార్పొచ్చిన మొక్కతో సంకరం చేసి తెచ్చిందే.

అపోహ: రకం మారిస్తే దిగుబడి దానంతటదే పెరుగుతుంది.

వాస్తవం: నాకు బాగా బాధేసేది ఇదే. మనం వరి కోతకి రెండు మూడు రోజుల ముందు నిలబడ్డ చేలోనే గింజ చల్లేస్తాం, దుక్కి లేదు, తడి లేదు, మిగిలిన పదును మీద, మంచు మీద బతకాలి పాపం. దున్నిన నేలలో సాళ్లలో విత్తి ఎంచిన రకం ఇక్కడా అంతే కాస్తుందని ఎలా అనుకుంటాం? మాగాణికి కావాల్సింది వరి మోళ్ల మధ్య తొందరగా కమ్ముకుని, వేరు లోతుకి దించి, ఒకేసారి కాపుకొచ్చే మొక్క, దాన్ని మాగాణిలోనే ఎంచాలి. పైగా వరి ఆలస్యమైతే మినుము జనవరిలో పడుతుంది, మార్చి ఎండకి పూత రాలిపోతుంది. అందుకే ఈసారి మినుము రకం అడిగేటప్పుడు మీ వరి ఏ రకమో, ఎప్పుడు కోతకొస్తుందో కూడా చెప్పండి.