కష్టాల్లో విశ్వాసం: అపోహలు - వాస్తవాలు

పాస్టర్‌గా నేను ఆదివారం ప్రసంగం కోసం ఎంత సమయం వెచ్చిస్తానో, ఆసుపత్రి వరండాల్లో, చావు జరిగిన ఇళ్లలో, ఉద్యోగం పోయినవాళ్ల పక్కన అంతకంటే ఎక్కువే కూర్చుంటాను. కష్టం వల్ల కుంగినవాళ్లను ఓదార్చడానికి వచ్చినవాళ్ల మాటలు ఇంకాస్త కుంగదీయడం అక్కడే చూశాను. తరచూ వినిపించే ఆ మాటలు కొన్ని.

అపోహ: మోయలేనంత భారం దేవుడు ఎవరి మీదా పెట్టడు.

వాస్తవం: దీనికి బైబిల్లో 1 కొరింథీయులకు 10:13 (కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి ఉత్తరం) చూపిస్తారు. ముందూ వెనకా చదివితే, ఆ వచనం పాపంలోకి లాగే శోధన గురించి, విగ్రహారాధన గురించి చెబుతోందని తెలుస్తుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎంత దుఃఖం ఓర్చుకోగలదన్న సంగతి అందులో లేదు. పైగా పౌలు అదే సంఘానికి రాసిన రెండో పత్రికలో, ఆసియలో తమకు వచ్చిన శ్రమ శక్తికి మించిపోయిందనీ, బతుకుతామన్న ఆశే వదులుకున్నామనీ రాశాడు (1:8). అపొస్తలుడికే శక్తికి మించినప్పుడు మనకు మించకూడదని ఎక్కడుంది? "నావల్ల కావట్లేదు" అన్న మనిషికి ఈ వచనం అప్పజెబితే, కష్టానికి తోడు తన విశ్వాసం కూడా తక్కువేనని ఇంటికెళ్లి ఏడుస్తారు.

అపోహ: నిజమైన విశ్వాసి దేవుణ్ణి 'ఎందుకు' అని అడగడు.

వాస్తవం: యిర్మీయా తాను పుట్టిన రోజును శపించుకున్నాడు. చెరసాలలో ఉన్న బాప్తిస్మమిచ్చు యోహాను "రాబోయేవాడివి నువ్వేనా?" అని తన శిష్యులతో యేసును అడిగించాడు. సిలువ మీద యేసు నోట వచ్చింది 22వ కీర్తన మొదటి మాట, నన్నెందుకు విడిచిపెట్టావని. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు విలాపాలే. 88వ కీర్తనైతే చీకటితోనే ముగుస్తుంది, చివర్లో స్తుతి కూడా ఉండదు.

భర్త పోయాక "మోకరిస్తే కోపమొస్తోంది పాస్టర్ గారూ, ప్రార్థన రావట్లేదు" అన్న ఒక అక్కకు ఆ కీర్తనే చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నారు. ఆ తర్వాత బైబిల్ నా చేతిలోంచి తీసుకుని తనే చదివారు. స్నేహితులు దూరమైపోయారన్న మాట దగ్గర వేలు పెట్టి ఆగి, సంఘంలో ఎవరెవరు ఇంటికి రావడం మానేశారో పేరుపేరునా చెప్పారు. నా లెక్కలో అదీ ప్రార్థనే. దేవుడితో పోట్లాడేవాళ్ల గురించి నాకంత టెన్షన్ ఉండదు. ఇంట్లో ఏం జరిగినా "బాగున్నాం, దేవునికి స్తోత్రం" అని నవ్వేసి వెళ్లిపోయేవాళ్లను చూస్తేనే కంగారు.

అపోహ: కష్టం వచ్చిందంటే ఎక్కడో పాపం దాగి ఉంది.

వాస్తవం: నీతిమంతుడైనా పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ముగ్గురి వాదనా ఇదే. చివర్లో దేవుడు కోప్పడింది వాళ్ల మీద. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్ల కంటే పాపులేమీ కారని యేసు సూటిగా చెప్పాడు. ఆ ముగ్గురూ చేసిన మంచి పని ఒకటుంది. మొదటి ఏడు రోజులు నోరు విప్పకుండా యోబు పక్కన నేల మీద కూర్చున్నారు. పరామర్శకు వెళ్లేవాళ్లు అంతవరకు నేర్చుకున్నా చాలు.

అపోహ: మందులు వాడినా, కౌన్సెలింగ్‌కు వెళ్లినా విశ్వాసం లేనట్టే.

వాస్తవం: చచ్చిపోతే బాగుండునన్న ప్రవక్త ఏలీయాకు ముందు నిద్ర, రొట్టె, నీళ్లు దొరికాయి. దేవుడు ప్రశ్నలు అడిగింది ఆ తర్వాతే. నిద్రపట్టక చావు ఆలోచనలు వస్తున్నవాళ్లను వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ప్రార్థన దారిలో కూడా చేయొచ్చు.

అపోహ: శ్రమ ఓర్చుకోవడమంటే ఉన్నచోటే ఉండి దెబ్బలు తినడం.

వాస్తవం: ఈ విషయంలో నాకు కోపం ఎక్కువే. తాగొచ్చి కొట్టే భర్త దగ్గరికి "సిలువ మోయాలమ్మా" అంటూ భార్యను తిప్పి పంపడం పరిచర్య ఎలా అవుతుంది? ఒక ఊళ్లో హింసిస్తే ఇంకో ఊరికి పారిపొమ్మన్నాడు యేసు. దమస్కులో పట్టుకోవడానికి కాపు కాస్తుంటే పౌలు గంపలో కూర్చుని గోడ మీంచి దిగి తప్పించుకున్నాడు. క్రీస్తును కాదనడం వేరు, ప్రాణం కాపాడుకోవడం వేరు.

అపోహ: ఒకసారి విశ్వాసం నుంచి జారిపోయినవాళ్లకు తలుపు మూసుకుపోయినట్టే.

వాస్తవం: క్రీ.శ. 250 ప్రాంతంలో రోమా చక్రవర్తి డెసియస్ అందరూ దేవతలకు బలి అర్పించి, అర్పించినట్టు పత్రం తీసుకోవాలన్నాడు. భయపడి చాలామంది క్రైస్తవులు అర్పించారు. కొందరు డబ్బిచ్చి పత్రం మాత్రం సంపాదించారు. తర్వాత వీళ్లను మళ్లీ చేర్చుకోవాలా వద్దా అని సంఘాల్లో పెద్ద గొడవే నడిచింది. వద్దన్నవాళ్లకు రోమాలో నొవేషియన్ నాయకుడయ్యాడు. పశ్చాత్తాపపడితే చేర్చుకోవాలన్న వైపు కార్తేజ్ బిషప్ సిప్రియన్ నిలిచాడు. 325లో బిషప్‌లు కూడిన నైసియా మహాసభ, ఎవరి బలవంతమూ లేకుండానే విశ్వాసం వదిలినవాళ్లకు కూడా ఏళ్ల తరబడి పశ్చాత్తాపం విధించిందే గానీ దారి మూసేయలేదు.

మరి మన దగ్గర, కష్టంలో సంఘానికి రావడం మానేసి ఏడాది తర్వాత వచ్చినవాళ్లు అంతకంటే పెద్ద తప్పేం చేశారు? వాళ్లను మైకు ముందు నిలబెట్టి సాక్ష్యం చెప్పించకండి. "ఇన్నాళ్లూ ఏమైపోయారు?" అని అడక్కండి. ఆరాధన అయ్యాక భోజనానికి పిలవండి. చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు.