దసరా తర్వాత బడి పిల్లల జ్వరాలు: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరిగే రోజులకు, పిల్లల వైద్యులమైన మా వద్దకు జ్వరాలతో వచ్చే బడి పిల్లల సంఖ్య బాగా పెరుగుతుంది. ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో వానలు, ఇంటి చుట్టూ నిలిచిన నీరు, దోమలు అన్నీ ఒకేసారి వస్తాయి. ఈ రోజుల్లో తల్లిదండ్రులు పథ్యం విషయంలో చూపే పట్టుదలను, పిల్లలకు నీళ్లు తాగించడంలోనూ వారిని కనిపెట్టుకుని ఉండడంలోనూ చూపాలని నా కోరిక.

అపోహ: ‘లంఖణం పరమౌషధం’ కనుక జ్వరం తగ్గేవరకు అన్నం, పెరుగు, అరటిపండు పెట్టరాదు.

వాస్తవం: జ్వరంలో పిల్లల శరీరానికి నీరు, శక్తి మామూలుకన్నా ఎక్కువ అవసరమవుతాయి. జలుబు, దగ్గు చాలావరకు వైరస్‌ల వల్ల వస్తాయి గాని పెరుగు వల్ల, అరటిపండు వల్ల రావు. ఆకలి లేని పిల్లలకు బలవంతంగా తినిపించనక్కరలేదు; గంజి, మజ్జిగ, పలుచని చోడి (రాగి) అంబలి, కొబ్బరినీళ్లు కొద్దికొద్దిగా తరచూ పట్టించాలి. ఓఆర్ఎస్ ఇచ్చేటప్పుడు, లీటరుకు ఉద్దేశించిన ప్యాకెట్టును మొత్తంగా లీటరు మంచినీటిలోనే కలపాలి. ఉజ్జాయింపుగా గ్లాసులో కొంత పొడి వేస్తే ఉప్పు పాళ్లు తప్పుతాయి. కలిపిన నీటిని 24 గంటలు దాటితే పారబోయాలి.

అపోహ: డెంగీ దోమ మురుగు కాలువలో పుట్టి, రాత్రిపూట కుడుతుంది.

వాస్తవం: డెంగీని మోసే ఏడిస్ దోమ ఇళ్లలో నిల్వ ఉన్న మంచినీటిలో పెరిగి, పగటిపూట, ముఖ్యంగా ఉదయం, సాయంత్రం వేళల్లో కుడుతుంది. తుఫాను తరువాత కరెంటు లేక, కుళాయి రాక గోలేల్లో, బకెట్లలో పట్టి ఉంచుకునే నీరే దానికి అనువైన చోటు. నీరు పారబోసినంత మాత్రాన పని పూర్తి కాదు. గుడ్లు నీటి అంచుకు కొంచెం పైన గోడకు అంటుకుని, తడి లేకుండానే నెలల తరబడి బతికి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. గుడ్డు దోమ కావడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది కనుక, వారానికొకసారి గోలెం లోపలి గోడలను పీచుతో గట్టిగా తోమి, ఆరబెట్టి, మూతపెట్టడం తప్పనిసరి. ఫ్రిజ్ వెనుక నీటి పళ్లేన్ని చాలామంది మరచిపోతారు. బడికి వెళ్లే పిల్లలకు కాళ్లూ చేతులూ కప్పే నూలు దుస్తులు వేయాలి.

అపోహ: జ్వరం దిగింది కనుక గండం గడిచినట్లే, రేపు బడికి పంపవచ్చు.

వాస్తవం: నేను అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది ఈ నమ్మకానికే. డెంగీలో రక్తనాళాల నుంచి ద్రవం బయటికి ఊరి రక్తపోటు పడిపోయే దశ, సాధారణంగా 3 నుంచి 7వ రోజు మధ్య, జ్వరం దిగే సమయంలోనే మొదలై, 24 నుంచి 48 గంటలపాటు ఉంటుంది. ఒళ్లు చల్లబడిన తరువాత పిల్లలు చురుకుగా ఆడుకుంటూ ఉంటే కోలుకుంటున్నట్లే. ఒళ్లు చల్లబడినా నీరసంగా ముడుచుకుని పడుకోవడం, విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, చేతులూ కాళ్లూ చల్లబడడం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేవరకు ఆగకుండా ఆసుపత్రికి తీసుకురావాలి.

అపోహ: బొప్పాయి ఆకు రసం తాగిస్తే ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) పెరిగి డెంగీ నయమవుతుంది.

వాస్తవం: ప్లేట్‌లెట్ల సంఖ్య ఒక్కటే ప్రమాదాన్ని తేల్చదు. ఆ చేదు రసానికి వాంతులైతే తాగిన నీరు కూడా పోతుంది.

అపోహ: ఒక సూది వేయించి, సెలైన్ పెట్టిస్తేనే జ్వరం తగ్గుతుంది.

వాస్తవం: వైరస్ జ్వరాలపై యాంటీబయాటిక్స్ పనిచేయవు. నోటితో తాగగలిగే పిల్లలకు సెలైన్ అవసరం లేదు. అవసరం లేనిచోట ఎక్కించే సెలైన్ డెంగీలో హాని కూడా చేయవచ్చు. జ్వరానికి పారాసెటమాల్ చాలు; ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచగలవు కనుక ఇవ్వరాదు. మోతాదు వయసును బట్టి కాక బరువును బట్టి, కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున, ఆరు గంటల ఎడంతో ఉంటుంది. అయితే 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములున్న సిరప్పూ, 250 మిల్లీగ్రాములున్న సిరప్పూ దుకాణాల్లో దొరుకుతాయి. సీసా మారితే అదే చెంచాతో రెట్టింపు మందు పోయే ప్రమాదం ఉంది కాబట్టి, ప్రతిసారీ సీసా మీది అంకెను చదివి, దానితో వచ్చిన కొలత మూతతోనే పోయాలి.