టీడీఎస్ మీటరుకు పెట్రోలు కనిపించదు: బంకు పక్క బోరు నీటిపై అపోహలు – వాస్తవాలు

పెట్రోలు బంకుల్లో భూగర్భ ట్యాంకుల నుంచి పెట్రోలు లీకై నీటిలో కలుస్తోందేమో తెలుసుకోవడానికి వాటి చుట్టూ పరిశీలక బావులు తవ్వించి, వాటిలోని నీటిని కాలానుగుణంగా పరీక్షించడం నా వృత్తి. ఏ కాలనీకి వెళ్లినా ఎవరో ఒకరు పెన్నంత టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మీటరు తెచ్చి, నా ఎదుటే గ్లాసులో ముంచి, ‘మూడు వందలే చూపిస్తోంది సార్, ఇంకేం భయం?’ అని అడుగుతారు. ఈ మాట విని విని విసుగొచ్చి రాస్తున్నాను.

అపోహ: టీడీఎస్ తక్కువగా ఉంటే నీరు మంచిదే.

మిగిలిన అపోహలన్నీ కలిసినా ఈ ఒక్కదాని వల్ల జరిగేంత నష్టం జరగదు. ఆ మీటరు కొలిచేది నీటి విద్యుద్వాహకతను. దాన్నిబట్టి కరిగిన లవణాలెన్నో లెక్కగట్టి ఒక అంకె చూపుతుంది. పెట్రోలులోని బెంజీన్, టోలుయీన్, జైలీన్ వంటివి నీటిలో కరిగినా అయాన్లుగా, అంటే విద్యుత్తును మోసే కణాలుగా, విడిపోవు కాబట్టి, అవి ఎంత చేరినా ఆ అంకెలో మార్పు కనిపించదు. క్యాన్సర్ కారకమని రుజువైన బెంజీన్‌కు తాగునీటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు, అంటే గ్రాములో లక్షవ వంతు. ముక్కును నమ్ముకోవడమూ కుదరదు. ఆ పరిమితికి వందల రెట్లు దాటితే గానీ నీటిలో బెంజీన్ వాసన తెలియదు. వాసన వస్తే వెంటనే వాడకం ఆపవలసిందే, రాకపోయినంత మాత్రాన నీరు బాగున్నట్టు కాదు.

అపోహ: ఏ సీసాలో పట్టి ఇచ్చినా ల్యాబ్‌వాళ్లు తేల్చేస్తారు.

రెండేళ్ల క్రితం ఒక పెద్దావిడ, బంకు వెనుక వీధిలో ఇల్లు, కూల్‌డ్రింకు సీసాలో సగం వరకు బోరు నీళ్లు పట్టి, మనవడి స్కూటరు డిక్కీలో పెట్టించి, మిట్టమధ్యాహ్నం ఎండలో పంపించింది. ఆమె ఆందోళనలో తప్పేమీ లేదు గానీ, ఆ సీసా మూత తీసేసరికే బెంజీన్‌లో చెప్పుకోదగ్గ భాగం పైనున్న ఖాళీలోకి ఆవిరై ఉంటుంది. ఆ నీటిని పరీక్షించి ‘ఏమీ లేదు’ అని రాసిస్తే, ఆ కాగితం చూసుకుని ఇంటిల్లిపాదీ అవే నీళ్లు తాగుతూ ఉంటారు. అందుకే ఆ నమూనాను పరీక్షకు తీసుకోలేదు. పరిశీలక బావి నుంచి నమూనా తీసేటప్పుడు ముందుగా అందులో నిలవ ఉన్న నీటిని తోడేయాలి; నాలుగంగుళాల పైపులో పది మీటర్ల నీరుంటే అది దాదాపు 80 లీటర్లు, దానికి మూడింతలు తోడడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. తరువాత 40 మిల్లీలీటర్ల గాజు సీసాను అంచు వరకు నింపి, మూత బిగించి, తలకిందులు చేసి, వేలితో తట్టి చూస్తాం. ఒక్క బుడగ పైకి తేలినా ఆ సీసా పనికిరాదు. ఆమ్లం కలిపిన ఆ సీసాలను మంచు పెట్టెలో ఉంచి, 14 రోజుల్లోగా పరీక్ష పూర్తి చేయించాలి.

అపోహ: బంకు పల్లంలో ఉంది, మా ఇల్లు మెరక మీద ఉంది.

తెలంగాణలో అధిక భాగం గ్రానైట్ నేల. అక్కడ లోతుకు వెళ్లేకొద్దీ నీరు రాతి పగుళ్ల వెంట నడుస్తుంది గానీ రోడ్డు వాలును చూసి నడవదు. పైగా గట్టిగా నడిచే బోరు చుట్టుపక్కల నీటిని తన వైపు లాక్కుంటుంది. ప్రవాహం ఎటు పోతోందో లెక్కగట్టడానికే కనీసం మూడు బావుల్లో నీటిమట్టం కొలవాలి.

అపోహ: ఒకసారి పరీక్షలో బాగుందని వచ్చింది, ఇక చాలు.

పెట్రోలు నీటికంటే తేలిక. వేసవిలో నీటిమట్టం దిగినప్పుడు బావిలో పొరగా కనిపించినది, వానలకు మట్టం పెరిగేసరికి మట్టి రేణువుల మధ్య నీటి అడుగున చిక్కుకుని కనిపించకుండా పోవచ్చు, అక్కడి నుంచి కొద్దికొద్దిగా కరుగుతూనే ఉంటుంది. అందుకే వానలకు ముందొకసారి, తరువాతొకసారి పరీక్షించడం తప్పనిసరి.

బంకులో బావి తవ్వుతున్నారంటే లీకైందన్నమాటే అనే పుకారుకు ఒక్క మాట చాలు: ముందుజాగ్రత్తగానూ తవ్వుతారు. నీటి మీద రంగుల తెట్టు కనిపిస్తే పుల్లతో కదిపి చూడండి. ఇనుప బాక్టీరియా తెట్టయితే పెంకుల్లా విరుగుతుంది, నూనె తెట్టయితే మళ్లీ కలుసుకుంటుంది. కాచితే పోతుందనేవారు, పోయిన బెంజీన్ వంటింటి గాలిలోకే చేరుతుందని మరిచిపోతారు.

ఆ పెద్దావిడ ఇంటికి నేనే వెళ్లి నమూనా తీశాను. బెంజీన్ పరిమితికి మించే ఉంది. తాగడానికీ వంటకూ ట్యాంకరు నీళ్లు ఏర్పాటయ్యాక, ‘వేణ్నీళ్ల స్నానానికైనా వాడుకోవచ్చా బాబూ?’ అని అడిగింది. మూసిన స్నానాలగదిలో వేడి నీటి ఆవిరితో పాటు బెంజీన్ కూడా లేస్తుంది కాబట్టి, వద్దమ్మా అని చెప్పవలసి వచ్చింది.