ఆడవాళ్ళు, ఎన్నికల ఖర్చు: మా గోదావరి ఊళ్ళలో వినపడే అపోహలు, అసలు వాస్తవాలు

కోనసీమలో పంచాయతీ ఎన్నికలకి నిలబడే ఆడవాళ్ళకి నామినేషన్ పత్రాలు నింపడం, ఖర్చుల లెక్క రాయడం నేర్పించడం నా పని. ఏ ఊరెళ్ళినా ఇవే మాటలు వినపడుతుంటాయి కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: సగం సీట్లు ఆడవాళ్ళకే కదా, ఇంక డబ్బు గొడవ ఎందుకు?

మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో మహిళలకి 50 శాతం రిజర్వేషన్ ఉన్న మాట నిజమే. కానీ రిజర్వేషన్ సీటు ఇస్తుంది, ఖర్చుకి డబ్బులివ్వదు. 2021లో పదివేలు దాటిన జనాభా ఉన్న పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు పరిమితి రెండున్నర లక్షలు, చిన్న ఊరైతే లక్షన్నర. లెక్క రాయించేటప్పుడు మైకు ఆటో, కరపత్రాలు, తిరిగేవాళ్ళ టిఫిన్లు, లంక ఊరైతే పడవ కిరాయి, ఖర్చు వైపు గడగడా చెప్పేస్తారు. జమ వైపుకొచ్చి "ఎవరిచ్చారమ్మా" అని అడిగితే ఆగిపోతారు. భర్త, మరిది, రొయ్యల చెరువుల ఆసామి, ఎవరూ లేకపోతే తాకట్టుకెళ్ళిన గాజులు. గెలిచాక సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పేది కూడా ఆ డబ్బు పెట్టినవాళ్ళే. భర్త పెత్తనం చేస్తున్నాడని ఊరంతా ఆవిణ్ణే ఆడిపోసుకుంటుంది గానీ, దాని మొదలు ఈ జమ పేజీలో ఉందండీ.

అపోహ: మన దేశంలో ఎన్నికలకి ప్రభుత్వ సొమ్ము పైసా కూడా ఇవ్వరు.

అభ్యర్థి చేతికి నగదు ఇవ్వరు, అంతవరకే నిజం. గుర్తింపు పొందిన పార్టీలకి ఆకాశవాణి, దూరదర్శన్‌లలో ఉచిత సమయం, వాళ్ళ అభ్యర్థులకి ఉచితంగా ఓటర్ల జాబితా, పార్టీ ఆదాయానికి పన్ను మినహాయింపు, ఇవన్నీ ప్రజల సొమ్ముతోనే. 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ ఇంకాస్త ఇవ్వమంది, అదీ వస్తువుల రూపంలో, గుర్తింపు పొందిన పార్టీలకే. టికెట్టు రాని ఆడమనిషికి ఇందులో ముట్టేదేమీ లేదు.

ఇంకోటి, నాకు నిజంగా ఒళ్ళు మండే విషయం. 2021లో ఏకగ్రీవమైన పంచాయతీలకి జనాభాను బట్టి 5 నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. పోటీ లేకుండా చేస్తే ఊరికి డబ్బు, పోటీకి దిగిన ఆవిడకి సున్నా. "నువ్వు తప్పుకుంటే ఊరికి ఇన్ని లక్షలొస్తాయమ్మా" అని పెద్దమనుషులు రామాలయం దగ్గర కూర్చోబెట్టి అడిగితే, ఏ అండా లేని మనిషి ఎంతసేపని కాదంటుంది?

అపోహ: ప్రభుత్వం డబ్బిస్తే ఊరికి వందమంది నిలబడి పంచేసుకుంటారు.

అడిగినవాళ్ళందరికీ ఎవరూ ఇవ్వరండీ. అమెరికాలో మెయిన్ (Maine) అనే రాష్ట్రంలో ఓటర్లు 1996లో ఇలాంటి చట్టాన్ని ఆమోదించారు. అభ్యర్థి ముందు తన నియోజకవర్గంలో ఇంతమంది దగ్గరని ఐదేసి డాలర్లు తెచ్చి చూపించాలి, అప్పుడే ప్రభుత్వ నిధి. న్యూయార్క్ నగరంలోనైతే స్థానికులిచ్చే చిన్న చందాకి, పరిమితి మేరకు, ఎనిమిదింతల దాకా నగర ప్రభుత్వం కలుపుతుంది. 2021లో అక్కడి కౌన్సిల్లో 51 సీట్లకి 31 ఆడవాళ్ళు గెలిచారు, మెజారిటీ రావడం అదే మొదటిసారి. అదంతా డబ్బు పథకం వల్లే అనను, పదవీకాల పరిమితి వల్ల ఆ ఏడాది చాలా సీట్లు ఖాళీ అయ్యాయి కూడా. కానీ ఖాళీ సీటు దగ్గరికి చేరడానికీ బండి కిరాయి కావాలి కదా.

ఇక్కడ డ్వాక్రా అక్కలు సంఘం సొమ్ము ముట్టుకోకుండా, ఎవరి చేతి డబ్బులోంచి వాళ్ళు యాభయ్యేసి రూపాయలు ఇస్తే, దానికి ప్రభుత్వం నాలుగింతలు కలిపితే? జమ వైపు రాసే పేర్లు మారిపోతాయి. నేను అడిగేది అదే.

అపోహ: పరిమితి అందరికీ ఒకటే, కాబట్టి అందరూ సమానం.

అసెంబ్లీ అభ్యర్థికి మన దగ్గర పరిమితి 40 లక్షలు. పార్టీ పెట్టే ఖర్చుకి పరిమితే లేదు. మరి పార్టీ అండ ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ సమానం ఎలా అవుతారు?

అపోహ: వార్డు మెంబరు లెక్కలు ఎవరడుగుతారు?

అడుగుతారు. ఫలితం వచ్చిన 45 రోజుల్లో, గెలిచినా ఓడినా, లెక్క ఇవ్వాలి, ఇవ్వకపోతే అనర్హత వేటు పడుతుంది. రసీదులు భర్త జేబులో కాకుండా మీ దగ్గరే ఉంచుకోండి. వీలైతే నామినేషన్‌కి ముందే మీ ఒక్కరి పేరు మీద బ్యాంకు ఖాతా తెరిచి, చేబదులు తెచ్చిన డబ్బైనా సరే అందులో వేసి, అక్కణ్ణుంచే ఖర్చు పెట్టండి.