కంట్లో పురుగు పడితే: అపోహలు, వాస్తవాలు

దేవరకొండ, అచ్చంపేట వైపు జీవాలు కాసేవారు ఒక కన్ను ఎర్రబడి వస్తే, కంటి వైద్యుడిగా నేను ముందు అడిగేది ఒకటే: "ఎగురుతూ ఏదైనా వచ్చి కంటికి తగిలిందా?" అవునంటే సగం రోగం దొరికినట్టే.

అపోహ: ఈగ కంట్లో గుడ్లు పెడుతుంది.
గొర్రెల ముక్కు ఈగ, అంటే ఈస్ట్రస్ ఓవిస్, గుడ్లు పెట్టదు. గుడ్లు దాని కడుపులోనే పొదిగి పురుగులవుతాయి. వాటిని అది వాలకుండానే గొర్రె ముక్కులోకి చిమ్మేస్తుంది. మంద ముక్కులు నేలకు ఆనించి గుమిగూడేది దీని భయంతోనే. గురి తప్పితే మన కన్ను.

అపోహ: శుభ్రత లేనివారికే వస్తుంది.
బైకు మీద వెళ్ళేవారికీ రావచ్చు. కానీ మంచాన పడిన వృద్ధులకు కంటి దగ్గర మానని పుండో, క్యాన్సర్ గడ్డో ఉంటే సంగతి వేరు. అక్కడ గుడ్లు పెట్టేది క్రైసోమియా అనే మరో ఈగ. దాని పురుగులు బతికున్న కండనే తింటాయి. ఆ రోజే ఆసుపత్రికి తేవాలి.

అపోహ: నీళ్ళు కొడితే పోతుంది.
పోదు. స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూపే దీపపు యంత్రం) కింద చూస్తే పురుగు ఒక మిల్లీమీటరు పొడవున తెల్లగా, ఒక కొసన నల్లని కొక్కేలతో కనిపిస్తుంది. వెలుగు పడగానే రెప్ప మడతలోకి పాకుతుంది. ఆ కొక్కేలతోనే కంటిపొరను పట్టుకుంటుంది. మత్తు చుక్కలు వేసి, పై రెప్ప తిప్పి, సన్నని పట్టకారుతో ఒక్కొక్కటే తీయాలి. ఒకటి దొరికితే ఇంకా ఉన్నాయనే అనుకుంటాను, మర్నాడు మళ్ళీ రమ్మంటాను.

అపోహ: మెదడులోకి పోతుంది.
గొర్రె ఈగ పురుగు మనిషి కంట్లో తొలి దశ దాటి పెరగలేదు, కొద్దిరోజుల్లో చస్తుంది. కంటి లోపలికి చొరబడడం చాలా అరుదు. చూపు తగ్గితే మాత్రం కనుపాప పెద్దది చేసి లోపల చూడాల్సిందే. కళ్ళ కలక అంటుకున్నట్టు ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు.

నాకు కోపం తెప్పించేది పురుగు కాదు. చనుబాలు, ఆకు పసరు, నాలుకతో నలుసు తీయించడం, ఆపైన మెడికల్ షాపు స్టెరాయిడ్ చుక్కలు! ఎరుపు తగ్గుతుంది, పురుగు అక్కడే ఉంటుంది. నల్లగుడ్డు మీద గీత పడి ఉంటే అది పుండుగా మారి చూపుకే ఎసరు పెడుతుంది.

గొర్రెలు తరచూ తుమ్ముతూ, తల విదిలిస్తూ, చీమిడి కారుస్తుంటే పశువైద్యుడికి చెప్పండి. మందకు ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు ఎంత, ఎప్పుడు ఇవ్వాలో ఆయన నిర్ణయిస్తారు.